బొమ్మలో లేని క్యారేజీ

మా షెడ్డులో కొత్తగా చేరిన ఇంజనీరు పిల్ల పిలిచేసరికి నేను ట్రైనింగ్ గది తుడుస్తున్నాను. ఒక్కసారి వచ్చి దీన్ని వేలితో ముట్టుకోండి పిన్నీ అంది. చెయ్యి తడిగా ఉందన్నాను. తుడుచుకుని రమ్మంది. చెంగుకి తుడుచుకుని వెళ్లి నిలబడ్డాను.

ల్యాప్‌టాప్ తెర మీద మా షెడ్డు కనబడింది. పైకప్పు ఊడదీసి పైనుంచి తొంగిచూస్తే ఎలా ఉంటుందో అలా. గేటు ఉంది, చేతులు కడుక్కునే కొళాయిలు ఉన్నాయి, ఇనప పలకల్ని గ్యాసుతో కోసే చోటు ఉంది. గేటు దగ్గర పసుపు హెల్మెట్టు పెట్టుకున్న మనిషి ఒకడు, నా గోరంత, నిలబడి ఉన్నాడు. వాడి కాళ్ల దగ్గర్నుంచి ఒక ఆకుపచ్చ దారి గోడవారగా చుట్టూ తిరిగి వెళ్లింది. మధ్యలో, క్రేను తిరిగే మేర, నేలంతా ఎరుపు.

మనిషి మీద వేలు పెట్టి లాగండి, మీతో వస్తాడు అని చెప్పింది. ఆకుపచ్చ దారి మీద లాగాను. వచ్చాడు. "ఇప్పుడు తప్పు చెయ్యండి పిన్నీ. ఎర్రదాంట్లోకి తీసుకెళ్లండి, ఏమవుతుందో చూద్దాం" అంది.

నేను వేలు తీసేశాను. గది సగమే తుడిచానని చెప్పి కర్ర పట్టుకుని వెళ్లిపోయాను.

ఆ ఎర్ర చోటే మా ఆయన పోయింది. ఆ పిల్లకి అప్పటికి తెలీదు.

మాది గోపాలపట్నంలో ఒక గది, ఒక వంటిల్లు. ఆయన ఆ షెడ్డులో ఫిట్టరుకి హెల్పరు. పోర్టు పనులకీ స్టీలు పనులకీ కావలసిన పెద్ద పెద్ద ఇనప సామాన్లు చేసే ప్రైవేటు షెడ్డది. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, అన్నం బెల్లు కొట్టాక, క్రేను మోస్తున్న పలక జారి ఆయన మీద పడింది. ఇంతకంటే నేను చెప్పను, రాసుకుంటున్న మీరూ రాయొద్దు.

దినాలు అయ్యాక షెడ్డు మేనేజరు సారు కబురు పెట్టాడు. ఒక కాగితం నా ముందు పెట్టాడు. నాకు మూడక్షరాల సంతకం వచ్చు, అది కూడా ఆయనే నేర్పాడు, రేషను కార్డు కోసం. ఆ మూడక్షరాలూ పెట్టేశాను. కాగితంలో ఏముందో తర్వాత ఒకళ్ల చేత చదివించుకున్నాను. హెచ్చరిక బోర్డు ఉన్నా లెక్కచెయ్యకుండా, తన ఇష్టప్రకారం, వెళ్లకూడని చోటికి వెళ్లాడు అని ఉంది. ఆ సంతకం పెట్టాకే నాకు ఆ షెడ్డులో ఊడ్చే పని ఇచ్చారు. అంటే చూడండి, ఆయన పోయిన నేలని రోజూ నేనే ఊడుస్తాను. పని మానేస్తే నాకు ఇంకో పని ఎవరిస్తారు. మానకపోతే పొద్దున్నే అదే నేల.

కాగితంలో ఉన్నది అబద్ధమని నేను ఎవరితోనూ అనలేదు. ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు.

ఆయనకి చల్లన్నం పడేది కాదు. కడుపులో మంట. పొయ్యి మీంచి దించిన అన్నం తిని పెరిగిన పల్లెటూరి మనిషి. షెడ్డులో అన్నం వేడి చేసుకునే వీలు లేదు. అందుకని అక్కడి వాళ్లందరికీ ఒక అలవాటుంది. గ్యాసుతో కోసిన పలక చాలాసేపటిదాకా వేడిగా ఉంటుంది. దాని మీద క్యారేజీ పెట్టి వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. అన్నం బెల్లు కొట్టేసరికి పులుసు పొగలు కక్కుతుంటుంది. పదిహేను, ఇరవై క్యారేజీలు ఆ పలకల మీద వరసగా ఉంటాయి. పలకలు ఉండేది క్రేను కిందే. అందరికీ తెలుసు, అందరూ చూస్తారు, ఎవరూ ఏమీ అనరు.

మొదట్లో ఆయన ప్లాస్టిక్ డబ్బా పట్టుకెళ్లేవాడు. ఈ పలకల సంగతి ఇంటికొచ్చి చెప్పినప్పుడు నేనేమన్నానో నాకు మాటకి మాట గుర్తుంది. "మరి ఆ పిలాస్టీకు డబ్బా ఎందుకు, కరిగిపోద్ది. ఇస్టీలు క్యారేజీ ఇత్తాను. పలక నడిమద్దెన పెట్టు, అంచుల్న పెడితే సల్లారిపోద్ది."

నేనే అన్నాను. వన్ టౌన్ వెళ్లి మూడు గిన్నెల క్యారేజీ నేనే తెచ్చాను. దాని అడుగు నల్లబడితే రోజూ పీచుతో తోమి మళ్లీ నేనే పంపాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి తిన్నంత సుఖంగా ఉందే అని ఆయన అంటే పొంగిపోయాను. ఆ రోజు ఆయన చేతిలో ఉన్నది కూడా అదేనట. పిడి వంగింది. గిన్నెలు బాగానే ఉన్నాయని తెచ్చి ఇచ్చారు.

ఇప్పుడు నా సంగతి చూడండి. కాగితం తప్పని చెప్పాలంటే క్యారేజీ మాట ఎత్తాలి. ఎత్తితే ఆయన తన కాళ్లతో తనే వెళ్లాడన్నది నిజమైపోతుంది, పంపినదాన్ని నేనైపోతాను. ఎత్తకపోతే మిగతావాళ్ల క్యారేజీలు ఆ పలకల మీదే ఉంటాయి, బెల్లు కొట్టగానే వాళ్లు కూడా ఆ కిందికే పరుగెడతారు. రోజూ ఊడుస్తూ చూస్తున్నాను కదా. మూడేళ్లు నా నోరు అలా పట్టుకుపోయింది.

ఆ పిల్ల సేఫ్టీ చూడటానికి కొత్తగా వచ్చిన ఇంజనీరు. పెందుర్తి నుంచి స్కూటీ మీద వస్తుంది. మా దగ్గర ప్రతి సోమవారం పనిలోకి కొత్తవాళ్లు వస్తారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, చదువు అంతంతమాత్రం. ఇదివరకు సారు వాళ్లని కూర్చోబెట్టి గంటసేపు సగం ఇంగ్లీషులో చెప్పేవాడు, సగం మంది కునుకు తీసేవాళ్లు. ఈ పిల్ల అలా కాదంది. కదిలే బొమ్మ చేద్దాం, వాళ్లే వేలితో మనిషిని నడిపించి నేర్చుకుంటారంది. మరి నన్నెందుకు పిలుస్తున్నావమ్మా అంటే, మీకు అర్థమైతే అందరికీ అర్థమవుతుంది పిన్నీ అంది. నాకు కోపం రాలేదు. ఉన్నమాటే.

బొమ్మ గీసేది ఆమె కాదు. ఇలా కావాలి, అలా కావాలి అని ఆమె కొడుతుంది, ఏఐ అట, అది చేసిపెడుతుంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు బూందీ గరిటెలోంచి రాలినట్టు జలజలా రాలతాయి, ఆగిపోతాయి, పక్కన బొమ్మ వచ్చి కూర్చుంటుంది. క్రేను నెమ్మదిగా తిరగాలి అంటే మళ్లీ రాలతాయి, క్రేను నెమ్మదిస్తుంది. గేటు ఇటు కాదు అటు అంటే, గేటు లేచి అటు వెళ్లిపోతుంది. అసలు గేటు తిప్పాలంటే ఎంతమంది వెల్డర్లు ఎన్నాళ్లు చెమటోడ్చాలో నాకు తెలుసు. లోపల ఎవరుండి ఇదంతా చేస్తున్నారని అడిగాను.

"ఎవరూ లేరు పిన్నీ. నేను చెప్పింది తప్ప మన షెడ్డు గురించి దానికేం తెలీదు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. దానికి చెప్పేది ఈ పిల్ల. ఈ పిల్లకి చెప్పేది సారు ఇచ్చిన కాగితాలు. ఆ కాగితాల్లో నా మూడక్షరాలు కూడా ఉన్నాయి.

తుడవడం అయ్యాక రోజూ పిలిచేది. నేనూ కాస్త అలవాటు పడ్డాను. ఒకరోజు పలకల చోటు మీద నా చూపు పడింది. బూడిదరంగు పలకలు, కడిగి ఆరబెట్టినట్టు నున్నగా ఉన్నాయి. వాటి మీద ఏమీ లేవు.

"ఇక్కడ ఏటీ లేదేటి పాపా" అన్నాను.

ఏముండాలి పిన్నీ అంది. ఏటీ లేదులే అని చీపురు తీసుకున్నాను.

అప్పట్నుంచి ఆ పిల్ల ఒకటే ప్రశ్న పట్టుకుంది. క్రేను తిరిగేటప్పుడు ఎర్ర చోటులో ఎవరికీ పని లేదు కదా, మరి ఎందుకు వెళ్తారు అని. ఆ కారణం బొమ్మలో లేకపోతే వాళ్లకి మనసుకి పట్టదని ఆమె బాధ. నన్ను అడిగింది, నాకు తెలీదన్నాను. ఇంకో రోజు అడిగింది, తెలీదన్నాను. సారుని అడిగిందట. నిర్లక్ష్యం, ఇంకేముంటుంది, అదే పెట్టు అన్నాడట.

మర్నాడు పిలిచి చూపించింది. బొమ్మలోకి కొత్త మనిషి వచ్చాడు. గేటులోంచి వచ్చి, ఆకుపచ్చ దారి వదిలేసి, తిన్నగా ఎర్రదాంట్లోకి నడిచాడు. తల వంచుకున్నాడు. చేతిలో సెల్లు. దాన్ని చూసుకుంటూ, నవ్వుకుంటూ వెళ్లాడు. పైనుంచి పలక వచ్చింది. తెరంతా ఎర్రబడి కుయ్యిమని మోగింది.

 కుర్చీ పట్టుకున్నాను. మా ఇంట్లో ఉన్నది ఒకే సెల్లు, అది నా దగ్గర ఉండేది. ఆయన పనిలోకి ఎప్పుడూ పట్టుకెళ్లలేదు.

"ఆడి సేతిలో సెల్లు ఎవుళ్లు ఎట్టినారు?" అన్నాను.

ఆ పిల్ల నా మొహం చూసి తడబడింది. తను సెల్లు అని చెప్పలేదట. నిర్లక్ష్యంగా నడిచే మనిషి కావాలి అందట, మిగిలింది అదే పెట్టిందట. ఎక్కడైనా అలాంటి మనిషి చేతిలో అదే ఉంటుంది కదా పిన్నీ అంది.

"సెల్లు కాదు పాపా. క్యారేజీ."

అనేశాను. మూడేళ్లు పట్టుకుపోయిన నోరు, ఆ గోరంత మనిషి చేతిలో సెల్లు చూసి తెరుచుకుంది. ఆ పిల్ల లేచి తలుపు వేసింది. నేను కుర్చీలో కూర్చోలేదు, ఆ తడి నేల మీదే చతికిలబడి అంతా చెప్పాను. ఎవరి పెళ్లాన్నో చెప్పాను. చల్లన్నం సంగతి, పలకల సంగతి, ప్లాస్టిక్ డబ్బా మాన్పించి నేను తెచ్చిన క్యారేజీ సంగతి, నడిమధ్యన పెట్టమన్న సంగతి. ఆమె అయ్యో అనలేదు. ఏ పలకల మీద పెడతారు, ఎన్ని ఉంటాయి, ఎప్పుడు పెడతారు, బెల్లు కొట్టాక ముందు ఎవరు వెళ్తారు, ఒక్కొక్కటే అడిగింది. ఆమె ఏడ్చి ఉంటే నేను చెప్పలేకపోదును.

అప్పుడు కూర్చుని కొట్టింది. బూందీ రాలింది. పలకల మీద చిన్న చిన్న క్యారేజీలు వచ్చాయి. ఒక మూల గంట బొమ్మ. దాన్ని నొక్కండి పిన్నీ అంది.

నొక్కాను. షెడ్డులో ఎక్కడెక్కడో ఉన్న పసుపు హెల్మెట్లన్నీ ఒక్కసారి తిరిగాయి. అందరూ ఆకుపచ్చ దారి వదిలి, నలుమూలల నుంచీ, ఎర్రదాంట్లోకి వచ్చేశారు. పైన క్రేను పలక మోసుకుంటూ వస్తూనే ఉంది. నేను ఆ రోజు అక్కడ లేను. వినడమే గాని చూడలేదు. ఇప్పుడు చూశాను. ఆపమ్మా, ఆపు అన్నాను. ఆపింది. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడ నిలిచిపోయారు, క్రేను కింద.

బెల్లు తర్వాత కూడా క్రేను నడుస్తుందా అని ఆమెకి అనుమానం. క్రేను డ్రైవరుని పిలిపించింది. ఆయన వన్ టౌన్ సాయిబు. మా ఆయనా ఆయనా బావా బావా అనుకునేవారు. మతాలు వేరైనా వరస అదే, ఆ వరసన నేను చెల్లెల్ని. ఆ రోజు తర్వాత మాత్రం నేను ఊడుస్తూ ఎదురొస్తే ఆయన పక్కకి తిరిగి బీడీ కోసం జేబు తడుముకునేవాడు. మూడేళ్లలో నాతో ఒక్క మాట లేదు. వచ్చి తెర చూశాడు. గంట నొక్కి చూపించింది ఆ పిల్ల. 

"లారీ కాసుకుని ఉంది, బెల్లు కొట్టినా ఇంకో పలక ఎత్తేసి దిగమన్నారు, సెల్లెమ్మా" అన్నాడు. తెరకేసి చూస్తూనే అన్నాడు. "పైనుంచి నాకు క్యారేజీలు కనబడ్డాయి. బావ కనబళ్లేదు."

 నేను తల ఊపాను. ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు సారు చూశాడు. నేను ఆ గదిలోనే కిటికీ తుడుస్తున్నాను, వెళ్లమని ఎవరూ అనలేదు. గంట నొక్కగానే సారు మొహం మారింది. బొమ్మ బాగానే ఉంది కానీ ఇది చూపించకూడదన్నాడు. ఇది చూపిస్తే మనకి ముందే తెలుసునని అర్థం, తెలిసీ ఊరుకున్నామని అర్థం, తీసేయ్ అన్నాడు. ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. నీ ప్రొబేషను ఇంకా అవ్వలేదు కదా అని మెత్తగా అడిగాడు. తర్వాత నావైపు తిరిగాడు. గట్టిగా కూడా అనలేదు.

"నువ్వు సంతకం పెట్టావు కదమ్మా. మళ్లీ ఇదంతా ఎందుకు చెప్పు?"

గుడ్డ నా చేతిలోనే ఉంది. కిటికీ బయట కొళాయిల దగ్గర ఎవరో చేతులు కడుక్కుంటున్నారు. పెట్టాను సారూ అన్నాను.

ఆయన వెళ్లాక ఆ పిల్ల తెరవైపు చూస్తూ కూర్చుంది. తర్వాత ఏదో చిన్న మాట కొట్టింది, ఒకే ఒక్క వరస. క్యారేజీలు పోయాయి. పలకలు మళ్లీ కడిగినట్టు నున్నగా అయ్యాయి. మనిషి చేతిలోకి సెల్లు తిరిగి వచ్చింది. సారీ పిన్నీ అంది, నావైపు చూడలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె ఇంట్లో కూడా ఎవరో సంపాదించి తేవాలి, ఎవరో వండి పెట్టాలి. నేను మూడక్షరాలు పెట్టినట్టే ఆమె ఆ ఒక్క వరస కొట్టింది.

కాని నేను ఊరుకోలేదు. "సరే పాపా, తీసేసినావు. మరి కూడు ఎక్కడ పెట్టుకుంతారు? బొమ్మలో ఆళ్లు కూడు తినరేటి? అదొక్కటీ సూపించు" అన్నాను.

ఆమె తల ఎత్తింది.  ఆకుపచ్చ దారి చివర, కొళాయిల పక్కన, ఒక డబ్బా పెట్టించింది. ఇనప బీరువాలా ఉంది, అరలున్నాయి, అరల్లో క్యారేజీలు, పైన ఆవిరి వస్తున్నట్టు వంకర గీతలు. మనిషిని ఆకుపచ్చ దారి మీద అక్కడిదాకా నడిపిస్తే తలుపు తెరుచుకుని వాడి క్యారేజీ బయటికి వస్తుంది. సారుకి చూపిస్తే ఇది బాగుందన్నాడు. కార్మికుల సంక్షేమంలా ఉందన్నాడు. షెడ్డులో అలాంటి డబ్బా లేదని ఆయనకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలీదు.

సోమవారం కొత్తవాళ్లు పన్నెండు మంది వచ్చారు. గదిలో గోడకి, వేలితో ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెర బిగించారు. ఈ అమ్మ చదువుకోలేదు, ఆవిడే నడిపిస్తుంది చూడండి, మీకెందుకు రాదు అని సారు నన్ను ముందుకి పిలిచాడు. బొమ్మలో ఏది ఎక్కడుంటే షెడ్డులో అది అక్కడే ఉంటుంది, బాగా గుర్తుపెట్టుకోండి అని వాళ్లకి గట్టిగా చెప్పాడు. నేను మనిషిని నడిపించాను. వాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి నడిపించారు. అందరికీ ఆ డబ్బా తెగ నచ్చింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నవ్వారు.

శిక్షణ అయ్యాక పన్నెండు మందీ తమ క్యారేజీలు పట్టుకుని, బొమ్మలోలాగే షెడ్డు నేల మీద గీసిన ఆకుపచ్చ గీత మీద ఒకళ్ల వెనక ఒకళ్లు నడిచి, కొళాయిల దగ్గరకి వెళ్లారు. డబ్బా లేదు. చుట్టూ చూశారు. గోడ వెనక చూశారు. చెప్పింది చెప్పినట్టు చేసే పల్లెటూరి వాళ్లు, తప్పు తమదే అనుకుని మళ్లీ గేటు దగ్గరకి పోయి, మొదటినుంచి గీత మీద నడుచుకుంటూ వచ్చారు. పలకల దగ్గర్నుంచి పాతవాళ్లు చూసి ఒకటే నవ్వు. "బొమ్మలో కూడు బొమ్మలోనే తినాల బావా, ఇలగ రండి" అని ఒకడు కేకేశాడు. వీళ్లు కదల్లేదు. అటు ఎరుపు అన్నాడు ఒకతను. సారు వచ్చేదాకా క్యారేజీలు చేత్తో పట్టుకుని ఆ ఖాళీ గోడ ముందు నిలబడ్డారు. సారు వచ్చాడు. ఆ డబ్బా ఎక్కడండీ, మీరే చూపించారు కదా అని అడిగారు. వస్తోంది, ఆర్డరు పెట్టాం అన్నాడు సారు.

ఆయన ఆర్డరు పెట్టలేదు. మరుసటి సోమవారం ఇంకో పది మంది అక్కడ నిలబడ్డారు. ఆ పై వారం క్రేను డ్రైవరు, ఇద్దరు ఫిట్టర్లు కలిసి తుక్కు పలకలు ఏరుకుని, భోజనం టైములో వెల్డింగు చేసి డబ్బా కట్టారు. కింద హీటరు కాయిల్ పెట్టారు. సారు చూశాడు, కాదనలేకపోయాడు. పాతవాళ్లు వారం పది రోజులు బిగుసుకున్నారు, తర్వాత ఒక్కొక్కళ్లే క్యారేజీలు ఇటు తెచ్చుకున్నారు. ఇప్పుడు పలకల మీద ఏమీ ఉండవు. పిడి వంగిన క్యారేజీలో నా అన్నం కూడా ఆ డబ్బాలోనే పెడతాను. దాని అడుగు నలుపు ఎంత తోమినా పోలేదు.

ఇదంతా మంచికే కదా అని మీరనొచ్చు. మంచికే. కాని కాగితం కాగితంలాగే ఉంది, నా సంతకం దాని కింద ఉంది. బొమ్మలో ఎర్రదాంట్లోకి వెళ్లే మనిషి చేతిలో సెల్లు కూడా అలాగే ఉంది. ప్రతి సోమవారం వాణ్ణి అక్కడికి తీసుకెళ్లాల్సింది నేనే. కొత్తవాళ్లు చూస్తారు, ఎంత పొగరు చూడు అనుకుంటారు, కొందరు పైకే అంటారు. కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ పని మీదే నేను బతుకుతున్నాను.

నేను చెయ్యగలిగింది ఒకటే. మనిషి తల మీద కాకుండా, సరిగ్గా వాడి చెయ్యి మీద వేలు పెడతాను. అలా పెట్టి లాగితే సెల్లు నా వేలి కింద దాగిపోతుంది. గేటు దగ్గర్నుంచి ఎర్రదాని నడిమధ్య దాకా, వాడు నడిచినంతసేపూ, వాడి చేతిలో ఏముందో ఎవరికీ కనబడదు. పలక వచ్చి తెర కుయ్యిమన్నాక కూడా కాసేపు అలాగే ఉంచుతాను. పక్కనుంచి ఆ పిల్ల చూస్తూనే ఉంటుంది. తర్వాత సారు, ఇంక చాలు, తియ్యమ్మా అంటాడు. వేలు తీస్తాను.